అటక మీద పాత బేస్ గిటార్ నొటేషన్ పుస్తకాలు దొరికాయి: వీటికి నిజంగా ధర పలుకుతుందా?

గజపతి_కుర్రాడు (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. నాకు గిటార్ రాదు, సంగీతం వినడం వరకే. మా చిన్నాన్న 80ల చివర్లో బరంపురం మెలోడీ పార్టీల్లో (స్టేజీ మీద పాటలు వాయించే ఆర్కెస్ట్రాల్లో) బేస్ గిటార్ వాయించేవారు. తర్వాత చాలా ఏళ్ళు ఓడల మీదా, గల్ఫ్ హోటళ్ళలోనూ బ్యాండ్లతో తిరిగారు. ఇప్పుడు రాయపూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. ఇక్కడ పాత ఇల్లు రిపేరు చేయిస్తూ అటక ఖాళీ చేస్తే, రేకు పెట్టె నిండా ఆయన నొటేషన్ పుస్తకాలు (పాటలని వాయించుకోవడానికి గుర్తులతో రాసినవి) బయటపడ్డాయి. ఫోన్ చేసి అడిగితే "అమ్ముకుంటావో ఉంచుకుంటావో నీ ఇష్టం, తూకానికి మాత్రం వెయ్యకురా" అన్నారు.

పెట్టెలో ఉన్నవి చెప్తాను. జేమ్స్ జేమర్సన్ అనే ఆయన మీద ఒక పెద్ద పుస్తకం, దానితో ఒక కాసెట్. రెండోది ఉండాలట, లేదు. గట్టి అట్టతో బీటిల్స్ పుస్తకం ఒకటి, ఎత్తితే చెయ్యి పీకుతోంది. జపాన్ భాషలో రాసి ఉన్నవి కొన్ని. మిగతావన్నీ పల్చటి రాక్ బ్యాండ్ పుస్తకాలు. కొన్నిటి మీద వార్నర్ బ్రదర్స్ పబ్లికేషన్స్ అనీ, కొన్నిటి మీద హాల్ లెనర్డ్ అనీ, కొన్నిటి మీద చెర్రీ లేన్ అనీ ఉంది. అడుగున ఉన్నవి తిత్లీ తుఫానప్పుడు తడిసినట్టున్నాయి, అంచుల్లో గోధుమరంగు చారలు పడ్డాయి.

భువనేశ్వర్‌లో ఒకాయన ఫోటోలు చూసి పెట్టె మొత్తం ఐదు వేలకి తీసుకుంటానన్నాడు. ఇంటర్నెట్‌లో చూస్తే వీటిలో ఒక్క పుస్తకమే ముప్పై వేలని పెట్టారు. ఇంత తేడా ఏమిటో నాకు అంతుబట్టలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

రాయగడ_రిఫ్:

బ్రో, ఐదు వేలంటే కళ్ళు మూసుకుని ఇచ్చెయ్. ఇప్పుడు ఏ పాట కావాలన్నా ఫోన్‌లో ట్యాబ్ (ఏ తీగని ఎక్కడ నొక్కాలో గీతల మీద అంకెలతో చూపేది) వచ్చేస్తోంది, వాయించి కూడా వినిపిస్తోంది. నేను బేస్ నేర్చుకున్నదంతా అలాగే. ఒక్క పుస్తకం కొనలేదు. చెదలు పట్టకముందే వదిలించుకో.

బరంపురం_నాలుగు_తీగలు:

గజపతి బాబూ, ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదు కదా? ఇవ్వకు. రాయగడ తమ్ముడి మాటలో సగం నిజముంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను బరంపురంలో ఆంప్లిఫయర్లు బాగుచేస్తాను. ఒకప్పుడు మెలోడీల్లో బేస్ వాయించాను. రెండేళ్ళకోసారి ఠాకురాణీ యాత్ర వచ్చిందంటే ఇక ఇంట్లో పడుకునేది లేదు. మీ చిన్నాన్నని ఏదో ఒక స్టేజీ వెనక చూసే ఉంటాను. ఈ పుస్తకాల పిచ్చి నాకు అప్పటిదే. కలకత్తా వెళ్ళినప్పుడల్లా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డులూ పుస్తకాలూ అమ్మే కొట్ల ముందు గొంతుక్కూర్చునేవాణ్ణి. ఇప్పటికీ నేను కొనేవాడినే, కాబట్టి నా మాట కూడా ఒకటికి రెండుసార్లు సరిచూసుకో.

ముందు ఆ ముప్పై వేల సంగతి. అది ఎవడో అడుగుతున్న ధర, ఎవడూ ఇచ్చిన ధర కాదు. ఆన్‌లైన్ దుకాణాల్లో చాలామంది ధరలు సాఫ్ట్‌వేర్‌కి అప్పగించేస్తారు. పక్కవాడు ఎంత పెట్టాడో చూసి అది దానంతటదే పెంచుకుంటూ పోతుంది. 2011లో అమెజాన్‌లో ఏం జరిగిందో తెలుసా? ఈగల జన్యుశాస్త్రం మీద అచ్చులో లేని పుస్తకం ఒకటి. ఇద్దరు అమ్మకందార్ల సాఫ్ట్‌వేర్లు ఒకదాన్ని చూసి ఒకటి పెంచుకుంటూ పోయి 2 కోట్ల 36 లక్షల డాలర్లు దాటించేశాయి. కొన్నవాడు లేడు, ఎవరో చూసి నవ్వుకునేదాకా అమ్ముతున్నవాళ్ళకే తెలియలేదు. నీ ముప్పై వేలు కూడా ఆ బాపతే కావచ్చు. ఈబేలో అమ్ముడైపోయిన వస్తువులు మాత్రమే చూపించే సదుపాయం ఉంది, అక్కడ చూడు. అసలు ధర అది.

అలాగని భువనేశ్వర్ ఆయన ఐదు వేలు న్యాయమనీ కాదు. ఫోటోలు చూసి పెట్టె మొత్తం గుత్తగా అడిగాడంటే, అందులో ఒకటో రెండో ఆయన కంట పడ్డాయన్నమాట. మిగతావి ఊరికే వస్తున్నాయి.

ఇక అసలు విషయం. ఈ పుస్తకాలు ఎందుకు ఆగిపోతాయంటే జనం కొనక ఒక్కటే కాదు. కథల పుస్తకానికి ఒక రచయిత, ఒక ఒప్పందం. పాటల నొటేషన్ పుస్తకంలో పది పాటలుంటే పదింటికీ హక్కుదార్లు వేరు. ఏ పాట మొదటి పేజీ అయినా తీసి అడుగున చూడు, చీమల్లాంటి అక్షరాలతో కంపెనీల పేర్లుంటాయి. ఒక్కో పాటకి ఇద్దరు ముగ్గురు రాసినవాళ్ళుంటే ఒక్కొక్కరి హక్కులు ఒక్కో కంపెనీ దగ్గర. వాళ్ళందరి దగ్గరా కొన్నేళ్ళ గడువుతో లైసెన్సు తీసుకుని పుస్తకం వేస్తారు. గడువు తీరిపోతే మళ్ళీ అందర్నీ అడగాలి, మళ్ళీ డబ్బు కట్టాలి. రెండు వేల కాపీలు కూడా పోని బేస్ పుస్తకానికి ఆ తలనొప్పి ఎవడు పడతాడు? పైగా ప్రచురణ సంస్థలే చేతులు మారాయి. సీపీపీ బెల్విన్‌ని 1994లో వార్నర్ బ్రదర్స్ పబ్లికేషన్స్ తీసుకుంది. 2005లో ఆ వార్నర్ నొటేషన్ వ్యాపారం ఆల్‌ఫ్రెడ్ చేతికి పోయింది. 2018లో మ్యూజిక్ సేల్స్ వాళ్ళ ప్రింట్ వ్యాపారాన్ని హాల్ లెనర్డ్ కొనేసింది. 2023లో ఆ హాల్ లెనర్డ్‌నే మ్యూజ్ గ్రూప్ కొంది. చేతులు మారినప్పుడల్లా జాబితాలోంచి మెల్లగా అమ్ముడయ్యేవి రాలిపోతాయి. బేస్ పుస్తకాలు ముందు రాలతాయి. గిటార్ కొన్న పదిమందిలో బేస్ కొన్నవాడు ఒకడుంటే గొప్ప. ఒకే ఆల్బమ్‌కి గిటార్ పుస్తకం, బేస్ పుస్తకం విడివిడిగా వేసిన రోజుల్లో గిటార్‌ది ఎక్కడ పడితే అక్కడ దొరికేది, బేస్‌ది అడిగి తెప్పించుకోవాలి.

అందుకని నీ దగ్గరున్న వార్నర్ గుర్తు పుస్తకాలన్నీ 2005 నాటివో అంతకు ముందువో అయి ఉంటాయి. సీపీపీ బెల్విన్ గుర్తు ఉంటే ఇంకా పాతవి. హాల్ లెనర్డ్‌వి ఇప్పటికీ వేస్తున్నవి చాలా ఉన్నాయి, గుర్తు చూసి తేల్చలేం. వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబరు, చూడు. పది అంకెలదొక్కటే అచ్చయి ఉంటే 2007కి ముందు వేసిన కాపీ. 2007 జనవరి నుంచి పదమూడు అంకెలకి మారారు.

కానీ బాబూ, పాతది కావడం వేరు, దొరకకపోవడం వేరు, ఎవడైనా అడగడం వేరు. ఈ మూడూ కలిస్తేనే డబ్బు. జేమర్సన్ పుస్తకాన్నే తీసుకో. 1989లో వచ్చింది. జేమర్సన్ 1983లోనే పోయారు. ఆయన బేస్ వాయించింది అమెరికాలో మోటౌన్ అనే రికార్డుల కంపెనీకి. ఆ కంపెనీ 1971 దాకా రికార్డుల మీద తన స్టూడియో వాద్యకారుల పేర్లు వేసేది కాదు. ప్రపంచమంతా విన్న బేస్ అది, వాయించినవాడి పేరు మాత్రం జనానికి తెలియదు. ఆ పుస్తకం వచ్చాకే ఆయన ఎవరో చాలామందికి తెలిసింది. నా లెక్కలో బేస్ వాయించేవాడి ఇంట్లో ఉండాల్సిన మొదటి పుస్తకం అదే. అయితే అది ఇప్పటికీ అచ్చులో ఉంది, కాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, అంతే. నీ కాపీకి రెండు కాసెట్లూ ఉండుంటే మొదటి ముద్రణ కావాలనే పిచ్చోళ్ళు కాస్త ఎక్కువ ఇచ్చేవారు. ఒకటే ఉందంటే వాయించుకునేవాడికి వాయించుకునే ధరకే పోతుంది. బీటిల్స్‌ది కూడా అంతే. నలుగురు జపాన్ వాళ్ళు కూర్చుని విని రాసిన పుస్తకం, 1100 పేజీల పైన ఉంటుంది, బేస్‌తో సహా ప్రతి వాద్యం రాశారు. చాలా గొప్ప పని. కానీ కొత్తది ఇప్పటికీ దొరుకుతుంది, నీ కాపీ పోస్టు ఖర్చే భయపెడుతుంది.

నేనైతే ముందు ఆ పల్చటి పుస్తకాలు చూస్తాను. ఒకే ఆల్బమ్, బేస్‌కి మాత్రమే, 80లు 90ల బ్యాండ్. చెర్రీ లేన్ వాళ్ళు "ప్లే ఇట్ లైక్ ఇట్ ఈజ్" అనే పేరుతో ఒక వరస వేశారు. దాంట్లో కవర్ మీద "బేస్" అని విడిగా ఉన్నవి ఏమైనా ఉన్నాయేమో చూసి చెప్పు. ఇలాంటివే దొరకవు, అడిగేవాళ్ళూ ఉంటారు.

రాయగడ తమ్ముడూ, నీ సగం నిజం గురించి. ఇంటర్నెట్ వచ్చాక మామూలు పుస్తకాల ధర పడిపోయిన మాట వాస్తవం. పైగా విడి పాటల నొటేషన్‌ని లైసెన్సుతో ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు వచ్చారు, ఒక్క పాట కోసం పుస్తకం కొనాల్సిన పని లేదు. కానీ ఫోన్‌లో నువ్వు చూసే ఉచిత ట్యాబ్ ఎవరో కుర్రాడు గదిలో కూర్చుని రాసినది. బాగా రాసినవాళ్ళున్నారు, నోటికొచ్చింది రాసినవాళ్ళూ ఉన్నారు. తీగ మీద వేలు ఎక్కడ పెట్టాలో చెప్తుంది, ఎంతసేపు ఉంచాలో చాలాసార్లు చెప్పదు. బేస్‌లో ఎప్పుడు ఆపాలన్నది తెలియకపోతే ఇంక తెలిసింది ఏముంది? మంచి పుస్తకాలు చాలావాటిలో స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరమూ, అది ఎంతసేపు మోగాలో చూపే రాత), దాని కింద ట్యాబ్, రెండూ ఉంటాయి. శబ్దం రాకుండా తీగని అలా తాకి వదిలేసే దెబ్బలకి కూడా గుణకారం గుర్తు వేసి చూపిస్తారు. అవి తీసేసి వాయించి చూడు, పాట చప్పబడిపోతుంది.

విశాఖ_పాత_పుస్తకాలు:

బరంపురం గారు చెప్పాక నేను చేర్చాల్సింది తక్కువే, కానీ అమ్మేవాడి వైపు నుంచి రెండు మాటలు.

గజపతి గారూ, గుత్తగా ఇవ్వకండి. విడదీయండి. అలాగని అన్నీ విడివిడిగా అమ్మబోతే ఏడాది పడుతుంది, మీకు విసుగొచ్చి చివరికి మళ్ళీ ఆ భువనేశ్వర్ ఆయనకే ఇస్తారు. బాగా పోయేవి నాలుగైదు విడిగా పెట్టండి, మిగతావి కట్టగా ఇచ్చేయండి.

ఫోటోలు తీసేటప్పుడు ముందు అట్ట ఒక్కటే తీస్తారు అందరూ. కొనేవాడికి కావాల్సింది వెనక అట్ట, హక్కుల పేజీ, పాటల జాబితా, అన్నిటికన్నా ఘోరంగా ఉన్న పేజీ. మరకని దాచి అమ్మితే వెనక్కి వస్తుంది, విదేశం నుంచి వెనక్కి వచ్చిందంటే లాభమంతా పోస్టులోనే పోతుంది. సీడీ ఉన్న పుస్తకమైతే వెనక అట్ట లోపల అంటించిన కవరు చింపారో లేదో చూపించండి. చింపకుండా ఉంటే ధర మారిపోతుంది, అది నిజం.

జపాన్ పుస్తకాల గురించి అందరూ ఊహించేది ఒకటి, జరిగేది ఒకటి. అవి జపాన్ వాళ్ళు కొంటారనుకుంటారు. వాళ్ళకి అక్కడే పాత పుస్తకాల కొట్లలో దొరుకుతాయి, పర్లాకిమిడి నుంచి ఎందుకు తెప్పించుకుంటారు? అవి షిన్‌కో, రిట్టర్ లాంటి కంపెనీల బ్యాండ్ స్కోర్లు (బ్యాండ్‌లో అన్ని వాద్యాల నొటేషన్ కలిపి వేసినవి) అయితే షిల్లాంగ్, కలకత్తా, బెంగళూరు వైపు బ్యాండ్ వాళ్ళని అడగండి. ముందుమాట జపాన్ భాషలో ఉన్నా నొటేషన్‌కి భాష అడ్డం కాదు కదా.

ఒక్క విన్నపం. స్పైరల్ బైండింగ్ చేయించకండి, లామినేషన్ అసలే వద్దు. "నీటుగా చేయించానండీ" అని తెచ్చి చూపిస్తారు, నాకు ఏడుపొస్తుంది.

గుణుపురం_చర్చి_కీబోర్డ్:

అన్నయ్యలందరికీ వందనాలు. మా చర్చిలో బేస్ వాయించే పిల్లలు ముగ్గురున్నారు, నేర్పేవాళ్ళు లేరు. డబ్బులు పెట్టి విదేశీ పుస్తకాలు కొనలేం. గజపతి తమ్ముడూ, అమ్మే ముందు అన్నీ స్కాన్ చేసి ఒక గ్రూపులో పెట్టేస్తే మనవైపు పిల్లలందరికీ ఉపయోగం కదా? అచ్చులో లేనివే కదా, ఎవరికి నష్టం?

బరంపురం_నాలుగు_తీగలు:

గుణుపురం తమ్ముడూ, నీ బాధ నాకు తెలియనిది కాదు. మేం నేర్చుకున్న రోజుల్లో ఇవి కూడా లేవు. టేపు రికార్డర్‌లో కాసెట్ వెనక్కి తిప్పి తిప్పి, ఒక్కో ముక్కా చెవితో పట్టుకునేవాళ్ళం. కానీ అచ్చు ఆగినంత మాత్రాన హక్కులు ఆగవు. మన దేశంలో అయితే పాట కట్టినవాళ్ళు పోయిన తర్వాత కూడా అరవై ఏళ్ళు ఉంటాయి. మన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ సొంతంగా చదువుకోవడానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. నీ పుస్తకంలో పేజీ తిప్పడం కష్టమై రెండు పేజీలు జిరాక్స్ తీసి స్టాండు మీద పెట్టుకుంటే ఎవడూ అడగడు. వంద మంది ఉన్న గ్రూపులో పుస్తకం మొత్తం పెట్టడం వేరే వ్యవహారం. గజపతి బాబు పేరు మీద అది జరగనివ్వకు.

ఇంకో మాట కూడా. నీ పిల్లలకి ఈ పుస్తకాలు ఇప్పుడే అక్కర్లేదు. వాళ్ళు క్రీస్తు కీర్తనలకి వాయించాలి. మూడు స్వరస్థానాల మధ్య నడవడం, డ్రమ్స్ వాడి కాలితో కలిసి కొట్టడం ముందు రావాలి. పుస్తకం కావాలంటే జేమర్సన్‌ది ఒక్కటి చర్చి డబ్బుతో కొని బీరువాలో పెట్టండి, కొత్తదే దొరుకుతుంది. పిల్లల్ని బరంపురం తీసుకురా, ఒక పూట కూర్చుంటాను.

గజపతి_కుర్రాడు:

గురువుగారూ, విశాఖ అన్నగారూ, చాలా థాంక్స్. రాత్రి కూర్చుని అన్నీ బయటికి తీసి చూశాను.

వార్నర్ గుర్తు ఉన్నవాటిలో రెండిటి పేజీలు కొన్ని అతుక్కుపోయాయి. మధ్యలో ఫోటోలు ఉన్న నున్నటి కాగితాలే అతుక్కున్నాయి, పాటల పేజీలు విడిగానే ఉన్నాయి. లాగితే వచ్చేలా ఉన్నాయి కానీ లాగలేదు. చాలా వాటికి మధ్యలో కొట్టిన పిన్నులు తుప్పు పట్టాయి. వాటి చుట్టూ కాగితం కూడా ఎర్రబడింది.

ఇంకో విషయం. జేమర్సన్ పుస్తకం నిండా చిన్నాన్న పెన్సిల్ గీతలు. పుస్తకంలో అచ్చయింది స్టాఫ్ నొటేషన్ ఒక్కటే, దాని కింద ఆయన పెన్సిల్‌తో నాలుగు గీతల ట్యాబ్ వేసుకున్నారు. ఉదాహరణకి ఒక చోట కింద నుంచి రెండో గీత మీద 5 అని వేశారు. తర్వాత దాన్ని కొట్టేసి, దాని వెంటనే పైనున్న గీత మీద 0 వేశారు. అలాంటివి చాలా ఉన్నాయి. పైన ఉన్న స్టాఫ్ నొటేషన్‌ని మాత్రం ముట్టుకోలేదు. ఇవి రబ్బరుతో తుడిచేస్తే ధర పెరుగుతుందా?

విశాఖ_పాత_పుస్తకాలు:

పెన్సిలే కాబట్టి మెత్తటి రబ్బరుతో తుడవచ్చు. గీతలున్న కాపీకి కలెక్టర్ తక్కువే ఇస్తాడు, అది మార్కెట్ లెక్క.

బరంపురం_నాలుగు_తీగలు:

తుడవకు! విశాఖ గారూ, మీ మార్కెట్ లెక్కకో దండం. ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను.

బాబూ, ఆ గీత ఏమిటో చెప్తాను విను. ట్యాబ్‌లో కింద గీత లావు తీగ, అంటే ఇ. దాని పైది ఎ, ఆ పైది డి, అన్నిటికన్నా పైది జి. ఎ తీగని ఐదో మెట్టు (ఫ్రెట్) దగ్గర నొక్కితే వచ్చేది డి స్వరం. దాని పైనున్న డి తీగని అసలు నొక్కకుండా మీటినా అదే డి. స్థాయి కూడా అదే. అందుకే మీ చిన్నాన్న స్టాఫ్ నొటేషన్‌ని ముట్టుకోలేదు, అక్కడ తప్పు లేదు. ఏ స్వరమో చెవికి తెలిసిపోతుంది. ఏ తీగ మీద వాయించాడో అన్నది విని రాసినవాడు ఊహించుకోవాలి. వదిలేసిన తీగ మోత వేరు, నొక్కిన తీగ మోత వేరు. వదిలేసిన తీగ కాస్త తెరుచుకుని మోగుతుంది, పైగా అది మోగుతున్నంతసేపూ ఎడమ చెయ్యి ఖాళీ, తర్వాత స్వరానికి ముందే వెళ్ళి కూర్చోవచ్చు. జేమర్సన్ మొదట నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ నేర్చుకున్న మనిషి. వదిలేసిన తీగలు తెగ వాడతాడు. తీగలు కూడా చదునుగా చుట్టినవి, మార్చేవాడే కాదు. కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఇవన్నీ తెలిసి వింటే కొన్ని చోట్ల ఐదో మెట్టు పొసగదు. మీ చిన్నాన్న అది విని పట్టుకున్నారు. హోటల్ బ్యాండ్‌లో రోజూ వాయించినవాడికే అది వినపడుతుంది.

అన్ని దిద్దుబాట్లూ కరెక్టని నేననను. చూడాలి. కానీ వాయించేవాడు కొనుక్కుంటే ఆ గీతలకే డబ్బిస్తాడు, నేనిస్తాను. గాజు బీరువాలో పెట్టుకునేవాడికి అమ్మాలంటే విశాఖ గారి మాట విను. ఆ పుస్తకం అచ్చులోనే ఉంది కాబట్టి గాజు బీరువా వాడు దానికి పెద్దగా ఎలాగూ ఇవ్వడు. తుడిచి నీకొచ్చేది ఏమీ లేదు.

కాసెట్ సంగతి. ఉన్న ఆ ఒక్కటి ఇంట్లో పాత టేపు రికార్డర్‌లో పెట్టి చూడాలనిపిస్తుంది, పెట్టకు. ముందు కాసెట్ తిరగేసి, టేపు కనబడే అంచు దగ్గర చిన్న రాగి రేకు మీద బొబ్బర గింజంత మెత్త ఉందో లేదో చూడు. పాత కాసెట్లలో జిగురు ఎండి అది రాలిపోతుంది, లేకపోతే శబ్దం లోతుకి పోతుంది. కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లగా బూజులా కనిపిస్తే అసలు తిప్పకు, మెషిన్‌లో మిగతా కాసెట్లకి కూడా అంటుకుంటుంది. మా సముద్రపు గాలికి బరంపురం కాసెట్లన్నీ అలాగే పోయాయి. నా దగ్గర మంచి కాసెట్ డెక్ ఉంది, ఒక్కసారి తిప్పి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తాను.

అతుక్కున్న నున్న కాగితాలు లాగకపోవడం మంచి పని. అవి తడిసి ఆరితే పైపూత ఒకదానికొకటి పట్టేస్తుంది, లాగితే బొమ్మ ఊడొస్తుంది. వాటినలాగే వదిలెయ్, వాటిలో నొటేషన్ లేదు కదా. మిగతా తడి మరకల పుస్తకాలు ఎండలో పెట్టకు, వంకర్లు పోతాయి. ఫ్యాను కింద, పేజీల మధ్య తెల్ల కాగితం పెట్టి ఉంచు. న్యూస్ పేపరు వద్దు, సిరా అంటుతుంది. తుప్పు పిన్నులు వెనక నుంచి మెల్లగా విప్పి తీసెయ్, అదే కన్నాల్లోంచి గట్టి నూలు దారంతో కుట్టెయ్యి. సెల్లో టేపు ముట్టుకోకు. పిన్ను తీశానని అమ్మేటప్పుడు చెప్పు, ఎవడూ ఏమీ అనడు. తుప్పు కాగితాన్ని తినేస్తే మాత్రం మధ్య పేజీలు ఊడి చేతికొస్తాయి.

రాయగడ_రిఫ్:

ఆ 5 బదులు 0 సంగతి నా బేస్ మీద వాయించి చూశాను. తేడా తెలుస్తోంది అన్నా. ఇన్నాళ్ళూ ఐదో మెట్టే నొక్కుతున్నాను. గజపతి, జేమర్సన్ పుస్తకం అమ్మేలా ఉంటే నాక్కూడా ఒక మాట చెప్పు.

బరంపురం_నాలుగు_తీగలు:

వచ్చాడండీ, ఒక్క పుస్తకం కొననివాడు! క్యూలో నా వెనక నిలబడు తమ్ముడూ.

గజపతి_కుర్రాడు:

హహ. జేమర్సన్‌ది అమ్మాలో వద్దో చిన్నాన్ననే అడుగుతాను. ఆ గీతల సంగతి చెప్తే మళ్ళీ తనకే పంపమంటారేమో కూడా.

చెర్రీ లేన్ పుస్తకాలు అడిగారు కదా గురువుగారూ, మొత్తం ఐదున్నాయి. మూడిటి మీద గిటార్ అని ఉంది. రెండిటి మీద కవర్ పైన "బేస్" అని పెద్దక్షరాలతో విడిగా ఉంది. వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ పది అంకెలే. ఒకటి కొంచెం తడిసింది. రెండోది పెట్టె పైన ఉండటం వల్లనేమో కొత్తదానిలా ఉంది, పేరు కూడా రాసుకోలేదు.

విశాఖ_పాత_పుస్తకాలు:

కొత్తదానిలా ఉన్నదాని అట్టలు రెండూ, హక్కుల పేజీ, పాటల జాబితా ఫోటోలు తీసి నాకు మెసేజ్‌లో పంపండి. ఈబేలో ఇంతకుముందు ఎంతకి పోయిందో చూసి చెప్తాను, నా కమీషన్ సంగతి తర్వాత. తడిసినదాన్ని బరంపురం గారికే ఇవ్వండి, ఆయనకి మరకలంటే ప్రేమ.

భువనేశ్వర్ ఆయన మళ్ళీ ఫోన్ చేస్తే "వీటిలో ఏ పుస్తకం కోసం అడుగుతున్నారండీ?" అని ఒక్క ప్రశ్న వేసి చూడండి. ఏమన్నాడో ఇక్కడ రాయండి.